క్లెరిక్ మంత్రాలకు మొక్కు నియమం: మీ బల్ల దగ్గర ఎలా అమలు చేయాలి

అష్టాచెమ్మా ఆడే ప్రతి ఇంటికీ సొంత కట్టుబాటు ఒకటి ఉంటుంది. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గడుల్లోకి వెళ్లకూడదని ఒక ఇంట్లో గట్టిగా పట్టుబడతారు, పక్కింట్లో ఆ పట్టింపే ఉండదు. అందుకే కొత్త ఇంట్లో ఆటకు కూర్చున్నవాళ్లు గవ్వలు చేతిలోకి తీసుకోకముందే "మీ ఇంట్లో ఎలా ఆడతారు?" అని అడుగుతారు. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను పట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడుపుకునే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లోనూ ఇదే పద్ధతి ఉంది. విజయనగరంలో మా ఇంటి వరండాలో ఆదివారం మధ్యాహ్నాలు సాగే ఆటలో, దైవం పేరిట మంత్రాలు వేసే క్లెరిక్ పాత్ర కోసం మేము ఏర్పరచుకున్న కట్టుబాటును, మీరు దాన్ని అమలు చేయవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఇది ఆ ఆట 5వ ఎడిషన్‌ను ఆడేవారికి ఉద్దేశించినది.

అచ్చులో ఉన్న నియమాన్ని ముందు ఆడి చూడండి

నియమాన్ని మార్చాలనుకునేవారు ముందు అది ఎలా పనిచేస్తుందో క్షుణ్ణంగా తెలుసుకోవాలి. పుస్తకం కొనలేకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే 5వ ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు, వాటిని ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు. ఇందులో లెవెల్ అంటే పాత్ర ఎదిగిన మెట్టు, స్థాయి అంటే మంత్రపు బలం, స్లాట్ అంటే ఒక మంత్రం వేసే అవకాశం. 2014 నియమాల ప్రకారం మొదటి లెవెల్ క్లెరిక్‌కు మొదటి స్థాయి స్లాట్లు రెండు ఉంటాయి, మూడో లెవెల్‌కు వచ్చేసరికి మొదటి స్థాయివి నాలుగు, రెండో స్థాయివి రెండు అవుతాయి. ఒక మంత్రం వేస్తే ఒక స్లాట్ ఖర్చవుతుంది, రాత్రి పూర్తి విశ్రాంతి తీసుకుంటే అన్నీ తిరిగి వస్తాయి. క్లెరిక్ తన లెవెల్‌కు విజ్‌డం మాడిఫయర్‌ను, అంటే పాత్ర వివేకాన్ని బట్టి వచ్చే అంకెను, కలిపితే వచ్చినన్ని మంత్రాలను, తన జాబితా మొత్తంలోంచి, రోజుకొకసారి సిద్ధం చేసుకోవచ్చు.

ఈ లెక్కలో లోపమేమీ లేదు. లోటు మరొకచోట ఉంది. తాళపత్రాలు చదివి మంత్రం నేర్చుకున్న విజర్డ్‌కూ, ఒక దేవతను నమ్ముకుని బతికే క్లెరిక్‌కూ స్లాట్ల పట్టిక ఒకటే, పూర్తి విశ్రాంతితో అవన్నీ తిరిగి వచ్చే తీరు ఒకటే. దేవత కథలో ఎక్కడా అడుగు పెట్టకుండానే ఆట మొదటి నుంచి చివరి వరకు సాగిపోగలదు. 1974లో వెలువడిన మొట్టమొదటి ఆటలో ఉన్న మూడు పాత్ర వర్గాల్లో క్లెరిక్ ఒకటి. అప్పట్లో మొదటి లెవెల్ క్లెరిక్‌కు ఒక్క మంత్రం కూడా ఉండేది కాదు. దేవత అనుగ్రహాన్ని ముందు సంపాదించుకోవాలనే భావన ఆ ఏర్పాటులో నాకు కనిపిస్తుంది, మా కట్టుబాటుకు ప్రేరణ కూడా అదే.

కాబట్టి కనీసం నాలుగు సెషన్ల పాటు ఏ మార్పూ లేకుండా ఆడండి. ఆ తరువాత క్లెరిక్ పాత్ర పట్టుకున్నవారిని విడిగా కూర్చోబెట్టి, దేవతతో తన పాత్రకు ఉన్న సంబంధం ఆటలో కనిపించాలని ఉందా అని అడగండి. వాళ్లు అక్కరలేదంటే ఈ నియమాన్ని పక్కన పెట్టండి. గాయాలు మాన్పుతూ హాయిగా ఆడుకుందామని వచ్చినవారి మీద భక్తిని బలవంతంగా రుద్దకూడదు.

దేవతను మీరే కల్పించుకోండి

ఈ విషయంలో మేము మొదట్లో ఒక తప్పు చేశాం. మా తొలి ఆటలో నేను చుట్టుపక్కల జనం నిజంగా కొలిచే ఒక గ్రామదేవత పేరునే క్లెరిక్ దేవతకు పెట్టాను. పాచిక వేసిన కుర్రాడు "అమ్మవారు ఫెయిలైంది" అని అరిచాడు. లోపలి గదిలోంచి మా మామ్మ బయటికి వచ్చి, "ఏట్రా ఇది, అమ్మోరి పేరెట్టి పాచికలాడతన్నారేటి?" అని నిలదీసింది. ఆమె కోపంలో న్యాయం ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఆ రోజు ఆట ఆపేశాం, మరుసటి వారానికి కొత్త దేవతను రాసుకుని వచ్చాం. ఎవరో ఒకరు నిజంగా చేతులెత్తి మొక్కే దైవాన్ని ఆట బల్ల మీదికి తీసుకురావద్దు.

అయితే మన ప్రాంతంలో దైవాన్ని కొలిచే తీరు నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. సిరిమానుకు ఏ చెట్టును తేవాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని ఇక్కడివారి నమ్మకం. ఆ నమ్మకంలోని ఒక లక్షణాన్ని గమనించండి: అమ్మవారు ఏదో ఒక చెట్టు అని అడగదు, ఫలానా చోట ఉన్న ఫలానా చెట్టునే అడుగుతుంది. కథలో దేవతకు ప్రాణం పోసేది ఇలా ఖచ్చితంగా అడగటమే. "మంచికి దేవత", "యుద్ధానికి దేవత" అని రాసుకుంటే ఆటలో ఆ దేవత నోరు మెదపదు.

ఒక కాగితం తీసుకుని దేవత గురించి ఆరు వాక్యాలు రాయండి. మా ఆటలోని ఏటిగట్టు తల్లికి మేము రాసుకున్నవి ఇవి: వరద నుంచి ఊరిని కాచే గట్టు మీద ఆమె ఉంటుంది. నీరు దాటించేవారు, గట్టుకు మన్ను మోసేవారు ఆమెకు ఇష్టులు. దప్పికగొన్నవాడికి నీళ్లు లేవన్నవారిని ఆమె సహించదు. తడిసిన పసుపు వాసన ఆమె వచ్చిందనడానికి గుర్తు. ఆమె కలలో తప్ప మాట్లాడదు. నిప్పుతో చేసే ఏ పనికీ ఆమె సాయం చేయదు. ఈ చివరి వాక్యం వంటిది మీ కాగితం మీద తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే దేవత చేయని పని ఏదో తెలిసినప్పుడే చేసే పనికి విలువ వస్తుంది.

మొక్కు నియమం

దైవ మంత్రాలను మార్చే పద్ధతులు ఇంకా ఉన్నాయి. డంజియన్ క్రాల్ క్లాసిక్స్ అనే ఆటలో క్లెరిక్ ప్రతి మంత్రానికీ పాచిక వేయాలి, విఫలమైన ప్రతిసారీ దేవత ఆగ్రహించే అవకాశం పెరుగుతూ పోతుంది. అలాంటి పద్ధతిని మేము 5వ ఎడిషన్‌కు అతికించి కొన్ని వారాలు ఆడి, తరువాత వదిలేశాం. 5వ ఎడిషన్‌లో చాలా మంత్రాలకు శత్రువు తప్పించుకునే పాచిక ఎలాగూ ఉంటుంది. దాని మీద దేవత పాచిక కూడా పెడితే ఒకే మంత్రం రెండు గండాలు దాటవలసి వస్తుంది, పైగా సాటివాడు నేల మీద పడి ప్రాణం పోతున్న వేళ వైద్యం ఫలించకపోతే ఆ బాధ ఆటగాడికి మిగులుతుంది.

మేము చివరకు నిలుపుకున్నది మొక్కు. కష్టం వచ్చినప్పుడు "ఈ గండం గట్టెక్కించు తల్లీ, ఫలానాది చెల్లిస్తాను" అనుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ముందు అనుగ్రహం, తరువాత చెల్లింపు, మధ్యలో బాకీ. మొత్తం నియమం ఈ మూడింటిలోనే ఉంది. స్లాట్ల పట్టికను మాత్రం ముట్టుకోకండి. దాన్ని అలాగే ఉంచి, దాని పక్కన ఈ ఏర్పాటు చేయండి.

ఒక చిన్న ఇత్తడి గిన్నెలో కడిగి ఆరబెట్టిన చింతపిక్కలు పోసి బల్ల మధ్యలో పెట్టండి. కాగితం మీద గీతలు గీసుకోవచ్చు గదా అనిపించవచ్చు. కానీ కళ్లెదుట నున్నగా, నల్లగా మెరుస్తూ ఉండే పిక్క తన బాకీని గుర్తు చేసినంతగా గీత చేయదు. క్లెరిక్‌కు స్లాట్లు అయిపోయినప్పుడు, లేదా ఆ రోజు సిద్ధం చేసుకోని మంత్రం ఒకటి అవసరపడినప్పుడు, అతను పాత్ర గొంతుతో, బల్ల దగ్గర అందరూ వినేలా, ఒక్క వాక్యంలో మొక్కుకోవాలి. అది దేవత స్వభావానికి తగినదైతే ఆట నడిపేవారు ఒప్పుకుంటారు, మంత్రం వెంటనే పనిచేస్తుంది. మొదటి స్థాయి మంత్రానికి ఒక పిక్క, రెండో స్థాయికి రెండు, మూడో స్థాయికి మూడు చొప్పున గిన్నెలోంచి తీసి క్లెరిక్ తన పాత్ర వివరాలు రాసుకున్న క్యారెక్టర్ షీట్ మీద పెట్టుకోవాలి.

దీనికి హద్దు ఉండాలి. చెల్లించని పిక్కలు ఏ క్షణంలోనూ లెవెల్‌తో పాటు పెరిగే క్లెరిక్ ప్రొఫిషియెన్సీ బోనస్‌ను మించకూడదు. అంటే నాలుగో లెవెల్ వరకు రెండు, అయిదు నుంచి ఎనిమిది వరకు మూడు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు. ఈ హద్దు వల్ల ఒక మేలు జరుగుతుంది. అయిదో లెవెల్‌లో మూడో స్థాయి మంత్రాన్ని ఒక్కసారి మొక్కుతో తెచ్చుకోవచ్చు గానీ, దానితో మొక్కుకునే దారి పూర్తిగా మూసుకుపోతుంది. చనిపోయినవారిని పది రోజుల లోపు బతికించే అయిదో స్థాయి మంత్రం పదమూడో లెవెల్ వరకు మొక్కుకు దొరకదు. నిమిషం లోపు ప్రాణం నిలిపే మూడో స్థాయి మంత్రం దొరుకుతుంది, అయితే దానికి కావలసిన 300 బంగారు నాణేల విలువైన వజ్రాన్ని మొక్కు మాఫీ చేయదు. రియాక్షన్‌గా, అంటే ఎదుటివారి పనికి అప్పటికప్పుడు బదులుగా, వేసే మంత్రాలకు కూడా మొక్కు వర్తించదు, ఎందుకంటే ఆ రెప్పపాటులో వాక్యం పలికే తీరిక ఉండదు.

విశ్రాంతి తీసుకుంటే స్లాట్లు తిరిగి వస్తాయి గానీ పిక్కలు తిరిగి గిన్నెలోకి పోవు. మొక్కు చెల్లిస్తేనే పోతాయి.

చెల్లింపును ఎలా తూచాలి

నియమమంతటిలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. మన భాషలో ఏదైనా పనిని మనసు పెట్టకుండా చేస్తే "మొక్కుబడిగా చేశాడు" అంటాం. చెల్లింపు అలా జరిగితే నియమం రెండు వారాల్లో చచ్చిపోతుంది. "గుడికి వెళ్లి దీపం పెట్టాను, ఒక పిక్క వేసేస్తున్నాను" అన్న మాటను ఒప్పుకోవద్దు. ఒక పిక్కకు ఒక సన్నివేశం అన్నది మా కొలత. ఆ సన్నివేశంలో క్లెరిక్ కాలాన్నో, సొమ్మునో, క్షేమాన్నో, అభిమానాన్నో నిజంగా కోల్పోవాలి. దోచుకొచ్చిన వెండి పళ్లేన్ని తిరిగి ఇచ్చేసి తలవంచుకుని నిలబడటం చెల్లింపే. తన డబ్బుతో బాటసారులకు అంబలి పోయించడం, ఆ పూట జట్టు బయలుదేరడం ఆలస్యం కావడం కూడా చెల్లింపే.

మా బల్ల దగ్గర జరిగిన ఒక సంగతి చెబితే ఇది స్పష్టమవుతుంది. మూడో లెవెల్ క్లెరిక్ పాత్ర పట్టుకున్న చెల్లాయి ఒకామె ఆ రోజు నాలుగు మొదటి స్థాయి స్లాట్లూ, రెండు రెండో స్థాయి స్లాట్లూ వాడేసింది. జట్టును ఏరు దాటించిన పడవవాడు అవతలి ఒడ్డున బాణం తగిలి కూలిపోయాడు. ఆమె పాచికలు పక్కన పెట్టి, "తల్లీ, వీడిని నిలబెట్టు, వరద తీసేదాకా నీ గట్టు దిగను" అంది. గాయం మాన్పే మంత్రం మొదటి స్థాయిది కాబట్టి ఒక పిక్క తీసుకుంది. ఎనిమిది ముఖాల పాచిక మీద అయిదు పడింది, విజ్‌డం మాడిఫయర్ మూడు కలిపితే ఎనిమిది హిట్ పాయింట్ల ప్రాణబలంతో పడవవాడు లేచి కూర్చున్నాడు. ఆ సాయంత్రం కథలో జట్టుకు తెలిసిన విషయమేమిటంటే, వాళ్లు వెంటాడుతున్న దొంగలు తెల్లవారేసరికి కొండల్లోకి జారిపోతారు. ఆమె మాత్రం గట్టు దిగడానికి వీల్లేదు. ఆమెను వదిలి వెళ్దామా, దొంగలను వదిలేద్దామా అని తక్కిన ముగ్గురూ చాలాసేపు తర్జనభర్జన పడి, చివరకు ఆమెతో పాటే ఉండిపోయారు. ఆ రాత్రి గట్టుకు గండి పడబోతే నలుగురూ మన్ను మోశారు. తెల్లవారాక ఆమె పిక్కను గిన్నెలో వేసినప్పుడు అది ఇత్తడికి తగిలిన చిన్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆ చప్పుడు కోసమే నేను ఇన్నాళ్లుగా ఈ నియమాన్ని కాపాడుకుంటూ వస్తున్నాను.

గడువు కూడా ముందే చెప్పండి. ఆ ఆటగాడు హాజరైన మూడు సెషన్లలోగా మొక్కు చెల్లాలి. హాజరైన అన్న మాటను తప్పకుండా రాయండి, పరీక్షలకో, ఊళ్లో శుభకార్యానికో వెళ్లిన మనిషి మీద దేవత కోపం చూపించడం అన్యాయం. గడువు దాటితే, ప్రతి పూర్తి విశ్రాంతి తరువాత, చెల్లించని పిక్క ఒక్కింటికి కింది స్థాయి స్లాట్ ఒకటి తిరిగి రాదు. శిక్ష అక్కడితో ఆగాలి. స్లాట్ అక్కరలేని చిన్న మంత్రాలైన క్యాంట్రిప్‌లను, దేవత శక్తిని నేరుగా వాడే చానల్ డివినిటీని ఎప్పుడూ తీసేయకండి, క్లెరిక్‌ను ఏ శక్తీ లేనివాడిగా మార్చకండి. చెప్పినట్టు వినని ఆటగాడిని దారికి తెచ్చుకోవడానికి దేవతను కర్రలా వాడే వారిని నేను చూశాను, అలాంటి బల్ల దగ్గర మళ్లీ ఎవరూ క్లెరిక్‌ను తీసుకోరు.

విజర్డ్ ఆడేవారు తమకు అన్యాయం జరిగిందని అనవచ్చు. వారికి రోజుకొకసారి చిన్న విశ్రాంతి తరువాత, తమ లెవెల్‌లో సగానికి సమానమైన స్లాట్ స్థాయిలను తిరిగి పొందే సదుపాయం అచ్చు నియమాల్లోనే ఉందని, దానికి వారు ఎవరికీ ఏదీ చెల్లించనక్కరలేదని చూపించండి.

దేవత సమాధానం చెప్పే మంత్రాలు

శకునం అడిగే రెండో స్థాయి మంత్రం ఒకటి ఉంది. రాబోయే అరగంటలో చేయదలచిన పని గురించి అడిగితే శుభం, అశుభం, రెండూ, ఏదీ కాదు అనే నాలుగు సమాధానాల్లో ఒకటి వస్తుంది. ఆట నడిపేవారు ఆ మాటను నోటితో చెప్పేస్తే అది వాతావరణ సూచనలా ఉంటుంది. మన వైపు ఊళ్లలో ఏదైనా తేల్చుకోలేనప్పుడు తెల్లపువ్వు, ఎర్రపువ్వు పొట్లాలు కట్టి దేవుడి ముందు వేసి అడగడం చాలామంది చూసే ఉంటారు. ఆట మొదలుకాకముందే నాలుగు చిన్న పొట్లాలు కట్టి ఉంచుకోండి: ఒకదానిలో తెల్లపువ్వు, ఒకదానిలో ఎర్రపువ్వు, ఒకదానిలో రెండూ, ఒకటి ఖాళీది. ఏ పొట్లం ఏదో మీకు మాత్రమే తెలిసేలా గుర్తు పెట్టుకోండి. మంత్రం వేసినప్పుడు సరైన పొట్లాన్ని క్లెరిక్ చేతిలో పెట్టి ఏమీ మాట్లాడకండి. పొట్లం విప్పుతున్న ఆ కొద్ది క్షణాల్లో బల్లంతా నిశ్శబ్దమవుతుంది. 2014 నియమాల్లో, పూర్తి విశ్రాంతి లేకుండా అదే మంత్రాన్ని మళ్లీ వేస్తే, రెండోసారి నుంచి ఒక్కోసారికి 25 శాతం చొప్పున యాదృచ్ఛికంగా ఏదో ఒక సమాధానం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ పాచికను మీరు చాటుగా వేసి, దానికి తగిన పొట్లం ఇవ్వండి.

పదో లెవెల్‌లో వచ్చే డివైన్ ఇంటర్వెన్షన్‌కు 2014 నియమాల్లో నూరు ముఖాల లెక్కన పాచిక వేసి, లెవెల్ సంఖ్య లేదా అంతకంటే తక్కువ పడితేనే దేవత స్వయంగా జోక్యం చేసుకుంటుంది. అంటే పదో లెవెల్‌లో వందకు పది పాళ్లే. మా బల్ల దగ్గర, కిందటిసారి ఫలించినప్పటి నుంచి చెల్లించిన పిక్కల సంఖ్యను, ఇరవైకి మించకుండా, ఆ లెవెల్‌కు కలుపుతాం. పిక్కలను మంత్రాల కోసం వాడినా, వాటిని చెల్లించిన ఓపిక ఇక్కడ మళ్లీ ఫలిస్తుంది. 2024 సవరణలో ఈ పాచికను తీసేశారు, కనుక ఆ పుస్తకంతో ఆడేవారికి ఈ మార్పు అక్కరలేదు.

దేవతకు ఏడాదిలో రెండు విశేష దినాలు కూడా పెట్టుకోండి. శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి, ఆ నాలుగు క్షణాల కోసం జనం చీకటితోనే వచ్చి నిలబడతారు. మబ్బు పట్టిందంటే ఆ దర్శనం లేదు. ఆ ఎదురుచూపును ఆటలోకి తీసుకోవచ్చు: విశేష దినాన సూర్యోదయానికి గుడి దగ్గర ఉండగలిగితే ఒక చెల్లింపుకు రెండు పిక్కలు పోతాయి, అయితే ఆరు ముఖాల పాచిక వేసినప్పుడు ఒకటి పడితే ఆ పూట మబ్బు. మంత్రాలు వేసే మరో రెండు పాత్రలైన పాలడిన్‌కు, డ్రూయిడ్‌కు ఇవే నియమాలు సరిపోతాయి, ఒకరు తన ప్రతిజ్ఞకు, మరొకరు అడవికి మొక్కుకుంటారు, అంతే తేడా.

మొక్కు మిగిలి పాత్ర చనిపోతే

ఇది తప్పకుండా ఒకరోజు జరుగుతుంది, కాబట్టి ఒక పేజీలో రాసుకునే మీ కట్టుబాట్లలో దీన్నీ చేర్చండి. పెద్దవాళ్లు మొక్కుకుని చెల్లించకుండా పోతే పిల్లలు చెల్లించడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. అదే ఇక్కడ పెట్టాం. చనిపోయిన క్లెరిక్ షీట్ మీది పిక్కలను జట్టులో ఎవరైనా, క్లెరిక్ కాకపోయినా, తమ ఇష్టంతో తీసుకోవచ్చు. ఎవరినీ అడగకూడదు, ఎవరి వైపూ చూడకూడదు. తీసుకున్నవారికి మంత్రాలేమీ రావు, శిక్ష కూడా ఉండదు. మొక్కు చెల్లించిన రోజున మాత్రం, చనిపోయిన పాత్ర వారి కలలోకి ఒక్కసారి వస్తుంది, ఆ పాత్రను ఆడినవారే వచ్చి ఆ కలలో మాట్లాడతారు. ఆ సెషన్ ముగిసేలోగా ఎవరూ తీసుకోకపోతే, పిక్కలను తిరిగి గిన్నెలో వేసి, ఆ క్యారెక్టర్ షీట్‌ను నాలుగు మడతలు పెట్టి గిన్నె కింద ఉంచండి.